గద్వాల సిక్కా, అమెరికా మైలు

నడిగడ్డలో ఒకప్పుడు రూపాయంటే ఒక్క రూపాయి కాదు. కృష్ణా తుంగభద్రల నడుమ 864 చదరపు మైళ్ళలో 214 ఊళ్ళున్న గద్వాల సంస్థానానికి సొంత టంకశాల ఉండేది. అక్కడ అచ్చుపడిన నాణెం సంస్థానం ఎల్లలు దాటి రాయచూరు జిల్లాలో కూడా చాలాకాలం చెల్లింది. వనపర్తి ప్రభువులకు సూగూరు సిక్కా ఉండేది. నారాయణపేటలో మరో టంకశాల. ఔరంగాబాదు వైపు గోవింద్‌బక్షి రూపాయి. ఇవన్నీ ఒకే నిజాం రాజ్యంలో తిరిగిన నాణేలు. ఒక సీమలో పుచ్చుకున్న రూపాయిని పక్క సీమలో ఖర్చు పెట్టాలంటే ముందు షరాబు దగ్గరికి వెళ్ళాలి. అతను నాణేన్ని మోగించి చూసి, వెండి ఎంతో అంచనా కట్టి, వట్టం మినహాయించుకుని, ఆ ఊళ్ళో చెల్లే నాణెం చేతిలో పెట్టేవాడు. ముద్ర ఎవరిదైనా సరే, దాని అసలు విలువ తేలేది షరాబు అరుగు మీదే. ముద్ర వేసే హక్కు ఒకరిది, విలువ కట్టే నేర్పు మరొకరిది, నష్టం మాత్రం మధ్యలో ఉన్న రైతుది, నేతగాడిది. సొంత నాణేల కాలం గురించి మనం గర్వంగా చెప్పుకునేటప్పుడు ఈ మూడో మనిషిని మరిచిపోతుంటాం.

ఈ పాత సంగతి ఇప్పుడు ఎత్తడానికి కారణం ఉంది. పిల్లలు అమెరికాలో స్థిరపడిన ఇళ్ళు పాలమూరు సీమలోని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లోనూ ఉన్నాయి. ఆ ఇళ్ళలో ఇవాళ మరో రకం సిక్కా తిరుగుతోంది. దాన్ని మైలంటారు, పాయింటంటారు. విమానం ఎక్కితే వస్తుంది, క్రెడిట్ కార్డు గీకితే వస్తుంది. తగినన్ని పోగుపడితే డబ్బు కట్టకుండా, పన్నులు మాత్రం చెల్లించి, అమ్మానాన్నలకు టికెట్ కొట్టించవచ్చు. చాలామంది దీన్ని విమాన సంస్థ దయతో ఇచ్చే కానుక అనుకుంటారు. దీని నలభై ఏళ్ళ చరిత్రను దగ్గరగా చూస్తే అది కానుక కాదని తేలుతుంది. అది ఒక ప్రైవేటు టంకశాలలో పడిన నాణెం, దాన్ని వేసినవాడు మనకు పడిన బాకీ. పాయింట్లతో సీటు కోసం ఫోన్ చేసే అలవాటు ఆ నాణేన్ని షరాబు అరుగు మీద పెట్టి మోగించడం లాంటిది. ఈ అలవాటు ఎలా పుట్టింది, ఎలా సన్నగిల్లింది అన్నది తెలుసుకుంటే మన చేతిలో ఉన్నదేమిటో తెలుస్తుంది.

హైదరాబాదు సీమకు విమానం కొత్త కాదు. నిజాం ప్రభుత్వం ప్రధాన వాటాదారుగా, టాటాల భాగస్వామ్యంతో 1945లో ఏర్పడిన డెక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట కేంద్రంగా నడిచింది. 1953 ఆగస్టు 1న జాతీయీకరణలో అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. ఆ తర్వాత నాలుగు దశాబ్దాల పాటు దేశంలో విమానం అంటే ప్రభుత్వ సంస్థే. ఆ కాలమంతా పాయింట్ల ఊసే లేదు. ప్రయాణికుడు వేరే చోటికి పోతాడన్న భయం లేనప్పుడు అతన్ని పట్టి ఉంచే నాణెం దేనికి? అమెరికాలో విమాన ఛార్జీల మీద, దారుల మీద ప్రభుత్వ నియంత్రణ 1978లో తొలగింది. ఆ వెంటనే సంస్థల మధ్య పోటీ పెరిగింది. 1981 మే 1న అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన ఆడ్వాంటేజ్ పథకం ప్రకటించింది. రోజుల్లోనే యునైటెడ్ కూడా అదే బాట పట్టింది. మన దేశంలోనూ అదే వరుస. ప్రైవేటు సంస్థలు రంగంలోకి దిగాయి, ఎయిర్ కార్పొరేషన్ల చట్టం 1994లో రద్దయింది, ఎయిరిండియా ఫ్లయింగ్ రిటర్న్స్ పథకం కూడా 1994 నాటిదే. రెండు దేశాల్లోనూ పోటీ వచ్చాకే పాయింటు పుట్టింది. ప్రయాణికుడి మీద ప్రేమతో పుట్టిందనుకునేవారికి ఈ తేదీల వరుస ఒక్కటి చాలు.

అయితే పుట్టినప్పుడు అది ఇంకా నాణెం కాలేదు. తరచూ తిరిగే వ్యాపారికి ఏడాది చివర ఇచ్చే తాంబూలం వంటిది అంతే. ఆ స్వభావం మారింది 1986, 87 ప్రాంతంలో. ఆ ఏళ్ళలో విమాన సంస్థలు బ్యాంకులతో చేతులు కలిపి క్రెడిట్ కార్డులు తెచ్చాయి. 1987లో సిటీబ్యాంకు, అమెరికన్ ఎయిర్‌లైన్స్ కలిసి తెచ్చిన కార్డుతో కిరాణా కొన్నా పెట్రోలు పోయించుకున్నా మైళ్ళు వచ్చేవి. ఇక విమానం ఎక్కనక్కర లేదు. బ్యాంకు ఆ మైళ్ళను విమాన సంస్థ దగ్గర రొక్కం పెట్టి కొంటుంది, ఖాతాదారుకు పంచుతుంది. ఈ కొనుగోలు, అమ్మకం మొదలైన నాటి నుంచి విమాన సంస్థ టంకశాల అయింది. 1988లో డెల్టా సంస్థ మైలుకు మూడు మైళ్ళిస్తానంది, మిగతావాళ్ళూ అందుకున్నారు. నాణేలు లెక్కలేకుండా అచ్చుపడ్డాయి. ఖజానాలో వెండి ఉన్నదానికన్నా ఎక్కువ నాణెం వేసిన ప్రభువుకు చివరికి మిగిలే దారి ఒక్కటే, నాణెం విలువ దించడం. అమెరికన్ ఎయిర్‌లైన్స్ అదే ఏడాది పాత మైళ్ళకు కూడా వర్తించేలా నిబంధనలు మార్చింది. దాని మీద నడిచిన దావాలు ఏడేళ్ళ తర్వాత అమెరికా సుప్రీంకోర్టులో తేలాయి. ఆ తీర్పు సంగతి తర్వాత చెప్తాను.

తెలుగువాళ్ళు ఈ కథలోకి గుంపుగా వచ్చింది 1990ల చివర్లో. 2000 సంవత్సరం తేదీల సమస్య కంప్యూటర్ పనివాళ్ళకు గిరాకీ పెంచింది. అమెరికా ప్రభుత్వం 2001 నుంచి 2003 వరకు హెచ్‌-1బి వీసాల వార్షిక పరిమితిని 1,95,000కు పెంచింది. అలా వెళ్ళినవారిలో కన్సల్టింగ్ పని చేసేవారు ఒక ఊళ్ళో కాపురం, మరో ఊళ్ళో క్లయింటు అన్నట్టు బతికారు. సోమవారం తెల్లవారుజామున విమానం, గురువారం రాత్రి తిరుగు విమానం. టికెట్ ఖర్చు కంపెనీది, మైళ్ళు మాత్రం ప్రయాణికుడి ఖాతాలో పడేవి. వారం వారం ఇల్లు వదిలిన మనిషి అలసటకు దక్కిన రాబడి అది. ఆ రాబడిని తెలుగువాళ్ళు చాలావరకు సొంత విహారాలకు వాడుకోలేదు. తల్లిదండ్రులను రప్పించుకోవడానికి, పురుడు పోయడానికి అమ్మనో అత్తనో పిలిపించుకోవడానికి, ఊళ్ళో ఎవరైనా పోతే రాత్రికి రాత్రి బయల్దేరడానికి వాడారు. అమెరికా విమాన సంస్థ మరో వ్యాపారి కోసం వేసిన నాణెం ఇలా పాలమూరు ఇంటి అవసరాల్లో మారకమైంది. 2008 మార్చిలో విమానాశ్రయం బేగంపేట నుంచి శంషాబాదుకు మారాక అది సరిగ్గా పాలమూరు పోయే రోడ్డు మీదికి వచ్చింది. గద్వాల, వనపర్తి నుంచి వచ్చేవారు నగరంలో అడుగు పెట్టకుండానే విమానం ఎక్కగలిగారు.

సీటు పట్టడం మాత్రం అంత సులువు కాదు. పాయింట్లకు ఇచ్చే సీట్లు వేరే లెక్కలో ఉంటాయి. విమానంలో వంద సీట్లు ఖాళీ ఉన్నా ఆ లెక్కలో ఒక్కటీ ఉండకపోవచ్చు. పైగా హైదరాబాదుకు అమెరికా సంస్థల విమానాలు నేరుగా రావు. అమెరికన్ ఎయిర్‌లైన్స్ మైళ్ళున్నవాడు ఆ సంస్థ భాగస్వాముల విమానాల్లో సీటు వెతుక్కోవాలి. అబుదాబి మీదుగా ఎతిహాద్, దోహా మీదుగా ఖతార్ ఎయిర్‌వేస్, హాంకాంగ్ మీదుగా కేథే పసిఫిక్. యునైటెడ్ మైళ్ళున్నవాడికి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా లుఫ్తాన్సా ఉండేది, 2014 జులైలో స్టార్ అలయన్స్‌లో చేరాక ఎయిరిండియా తోడైంది. ఈ భాగస్వామ్య సీట్లలో చాలావాటిని సంస్థల సొంత వెబ్‌సైట్లు ఏళ్ళ తరబడి చూపించలేదు. ఉదాహరణకు ఎతిహాద్ సీటును అమెరికన్ మైళ్ళతో పట్టాలంటే ఫోన్ తప్ప మార్గం లేకుండా చాలా ఏళ్ళు నడిచింది. అదీ ఏ కాల్ సెంటర్‌లో ఎవరు ఎత్తారన్నదాన్ని బట్టి ఒకరికి కనిపించిన సీటు మరొకరికి కనిపించేది కాదు. అందుకని ఒకరు లేదంటే ఫోన్ పెట్టేసి మళ్ళీ చేయడం ఒక పద్ధతిగా స్థిరపడింది. సీటు దొరికితే ముందు హోల్డ్‌లో పెట్టించి, ఊళ్ళో నాన్నతో మాట్లాడి, వీసా తేదీ చూసుకుని, ఆ తర్వాత టికెట్ కొట్టించేవారు.

ఆ ఫోన్‌లో మాట్లాడేది ఒకరు, ప్రయాణం చేసేది మరొకరు. ఈ విషయం మీద ఎవరూ ఎక్కువగా రాయలేదు, నాకు మాత్రం ఈ చరిత్రలో ముఖ్యమైన సంగతి ఇదే అనిపిస్తుంది. అమెరికా సంస్థల ఉచిత ఫోన్ నంబర్లు అమెరికాలోని వారికోసం పెట్టినవి. వనపర్తిలో ఉన్న తండ్రికి అవి పనికిరావు. ఆయన ఊరి ఎస్‌టీడీ బూత్ నుంచో, తర్వాత సెల్‌ఫోన్ నుంచో కొడుకుతో మాట్లాడతాడు, కొడుకు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో కూర్చుని ఏజెంట్‌తో మాట్లాడతాడు. ఇంటిపేరు ముందు రాసే మన పద్ధతికీ, చివర రాసే వాళ్ళ పద్ధతికీ పొసగక పాస్‌పోర్టులో ఉన్న పేరును అక్షరం అక్షరం చెప్పి రాయించాలి. పెద్దవాళ్ళకు వీల్‌చెయిర్ కావాలని, శాకాహారం కావాలని, మధ్యలో విమానం మారే వ్యవధి మరీ తక్కువ వద్దని అడగాలి. ఈ అడగడాలన్నీ ఒక మనిషి మరో మనిషికి చెప్పుకునేవి. ఆ అవతలి మనిషికి కొంత విచక్షణ ఉండేది. దారి మార్చి చూసేవారు, ఒక రోజు ముందుకో వెనక్కో జరిపి చూసేవారు, నిబంధన అనుమతించే మేరకు సర్దేవారు. కాల్ సెంటర్లే అటూ ఇటూ వలసపోయిన కాలం అది. బ్రిటిష్ ఎయిర్‌వేస్ తన కార్యాలయ పనుల కోసం 1996లోనే ముంబైలో ఒక అనుబంధ సంస్థ పెట్టింది. డెల్టా కొంతకాలం భారత్ నుంచి కాల్స్ తీసుకుని, ప్రయాణికుల ఫిర్యాదులతో 2009లో ఆ పని వెనక్కి తీసుకుపోయింది. ఎవరు ఎత్తినా ఆ సంభాషణలో తేలేది ఒకటే, పోగేసిన మైలు ఈ రోజు ఎంతకు చెల్లుతుందో.

ఇక నాణెం విలువ దింపిన కథ. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 2015 నవంబరులో ప్రకటించి 2016 మార్చి 22 నుంచి అమలు చేసిన మార్పులో అమెరికా నుంచి భారత ఉపఖండానికి ఒకవైపు ఫస్ట్ క్లాస్ సీటు ధర 90,000 మైళ్ళ నుంచి 1,15,000 మైళ్ళకు ఎక్కింది. అంటే అంతకు ముందు రోజు వరకు పోగేసిన నాణెంలో ఐదో వంతుకు పైగా ఒక్క రాత్రిలో కరిగింది. అయినా అప్పటికి ధర పట్టిక అంటూ ఒకటి ఉంది, ఎక్కిందని వేలు పెట్టి చూపించవచ్చు. డెల్టా 2015 ఫిబ్రవరిలో ఆ పట్టికనే తీసేసింది. 2019 నవంబరులో యునైటెడ్ తన సొంత విమానాలకు అదే చేసింది. ఇప్పుడు సీటు ధర రోజురోజుకూ, పూటపూటకూ మారుతుంది. నాణెం ముఖవిలువ ఎంతో చెప్పని టంకశాల గురించి మన సంస్థానాల చరిత్రలో ఎక్కడా చదవం. గద్వాల నాణేనికి వెండి ఎంత ఉన్నదీ షరాబు చెప్పగలిగేవాడు, ఇప్పటి మైలుకు ఆ మాత్రం ఆనవాలు కూడా మిగల్లేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. సంస్థానాల నాణెంలో వెండి ఉండేది, ప్రభువు పోయినా కరిగించుకోవచ్చు, మైలులో ఏముంది, రెంటికీ పోలికేమిటి అని. నిజమే. ఆ తేడా నా వాదాన్ని తగ్గించడం లేదు, పెంచుతోంది. వెండి ఉన్న నాణేనికే మోసం జరగకుండా షరాబు, తూకం, రాజముద్ర ఇన్ని ఏర్పాట్లు కావలసి వస్తే, ఏమీ లేని నాణేనికి ఇంకెన్ని కావాలి? మన కళ్ళ ముందే ఈ నాణేలు మాయమయ్యాయి. కింగ్‌ఫిషర్ 2012 అక్టోబరులో ఆగిపోయినప్పుడు కింగ్ క్లబ్ మైళ్ళు కూడా పనికిరాకుండా పోయాయి. జెట్ ఎయిర్‌వేస్ పాయింట్ల పథకాన్ని వేరే కంపెనీగా విడదీసింది, దానిలో 50.1 శాతం వాటాను 2014లో ఎతిహాద్ 15 కోట్ల డాలర్లకు కొన్నది. 2019 ఏప్రిల్ 17న జెట్ విమానాలు ఆగిపోయాయి. పాయింట్ల కంపెనీ మాత్రం ఆ ఏడాది నవంబరులో ఇంటర్‌మైల్స్ అని పేరు మార్చుకుని బతికింది. విమానం లేని మైలు మిగిలిందన్నమాట. దీనికి భిన్నమైన ఉదాహరణలూ ఉన్నాయి. 1991 డిసెంబరులో పాన్‌యామ్ మూతపడ్డాక దాని సభ్యుల మైళ్ళను డెల్టా తన ఖాతాలోకి తీసుకుంది. 2024 నవంబరు 12న విస్తారా ఎయిరిండియాలో కలిసినప్పుడు క్లబ్ విస్తారా పాయింట్లు ఎయిరిండియా పథకమైన మహారాజా క్లబ్‌లోకి బదిలీ అయ్యాయి. ఇలా జరిగింది కొనుక్కున్న సంస్థకు ఆ ప్రయాణికులు కావలసి వచ్చి. అలా కావాలనిపించకపోతే సభ్యుడి పక్షాన నిలబడే చట్టం లేదు.

మరో ఆక్షేపణ ఇంతకన్నా బలంగా వినిపిస్తుంది. ఊరికే వచ్చినదానికి లెక్కలడగడం ఏం మర్యాద అంటారు. ఊరికే రాలేదన్నదే నా జవాబు. కార్డు కంపెనీ అమెరికన్ ఎక్స్‌ప్రెస్ ఒక్క డెల్టాకే 2023లో దాదాపు 700 కోట్ల డాలర్లు చెల్లించింది. ఆ సొమ్ము దుకాణదారుల దగ్గర కార్డు రుసుముగా వసూలైంది, దుకాణదారు దాన్ని సరుకు ధరలో కలిపాడు. విమాన సంస్థల సొంత ఖాతాలే ఇది బాకీ అని ఒప్పుకుంటున్నాయి. 2007లో వెలువడిన అంతర్జాతీయ లెక్కల ప్రమాణం, ఆ తర్వాత వచ్చిన కొత్త ప్రమాణం, 2018 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమలైన ఇండ్ ఏఎస్ 115, అన్నీ చెప్పేదొకటే. పాయింటు ఇచ్చినప్పుడు టికెట్ సొమ్ములో కొంత భాగాన్ని ఇంకా సంపాదించని రాబడిగా, తీర్చవలసిన బాధ్యతగా పక్కన పెట్టాలి. 2020లో కరోనాతో విమానాలు నిలిచిపోయినప్పుడు యునైటెడ్ తన మైళ్ళ పథకాన్ని తాకట్టు పెట్టి 500 కోట్ల డాలర్ల అప్పుకు సిద్ధమైంది. అప్పుడు ఆ పథకం విలువను దాదాపు 2,200 కోట్ల డాలర్లుగా చూపించారు. ఆ సమయంలో స్టాక్ మార్కెట్‌లో మొత్తం కంపెనీ విలువ అంతకన్నా తక్కువ. విమానాలన్నీ కలిసినా టంకశాల అంత ధర పలకలేదు. ఇంత ఆస్తిని బ్యాంకు దగ్గర తాకట్టు పెట్టగలిగినవాడు, అదే నాణెం పట్టుకొచ్చిన సభ్యుడికి ఇది మా దయ అని చెప్పడం న్యాయం కాదు.

కోర్టులు మాత్రం ఇప్పటివరకు ముద్ర వేసేవాడి వైపే ఎక్కువగా మొగ్గాయి. 1988 మార్పుల మీద వేసిన దావాలో అమెరికా సుప్రీంకోర్టు 1995లో తీర్పిచ్చింది. రాష్ట్రాల వినియోగదారుల చట్టాలు ఇక్కడ వర్తించవని, ఒప్పందం ఉల్లంఘించారని మాత్రం దావా వేసుకోవచ్చని చెప్పింది. నార్త్‌వెస్ట్ సంస్థ తన సభ్యత్వం రద్దు చేసిందని ఒక మతగురువు వేసిన కేసులో, నిజాయితీగా వ్యవహరించాలన్న సూత్రం కూడా ఇక్కడ పనికిరాదని అదే కోర్టు 2014లో తేల్చింది. ఒప్పందం రాసేది సంస్థ, ఎప్పుడైనా మార్చుకోవచ్చని అందులో రాసుకునేది కూడా సంస్థే. అలాంటప్పుడు ఒప్పందం మీద దావా హక్కు ఎంత గట్టిదో పాఠకులు ఊహించవచ్చు. 2024 సెప్టెంబరులో అమెరికా రవాణా శాఖ నాలుగు పెద్ద సంస్థలను వాటి పాయింట్ల పథకాల వివరాలు అడిగింది. అడగడం వరకైనా రావడానికి నలభై మూడేళ్ళు పట్టింది.

ఫోన్ మీద నాకు మమకారం ఎక్కువైందనేవారు ఉండవచ్చు. గంటల తరబడి లైన్‌లో ఉండడం, పదిసార్లు కట్ అవడం, ఫోన్‌లో టికెట్ కొట్టిస్తే అదనపు రుసుము, ఇంగ్లీషు ధారాళంగా రానివాడికి అవమానం, ఇవన్నీ ఉన్నాయి. వెబ్‌సైట్ వచ్చాక భాగస్వామ్య సీట్లు తెర మీద కనిపిస్తున్నాయి, అర్ధరాత్రి అయినా పట్టుకోవచ్చు. ఈ మేలును కాదనను. ఫోన్‌లో మాట్లాడడం వచ్చినవాడికే సీటు దొరకడం కూడా ఒక అన్యాయమే. పాత షరాబు కూడా అందరినీ ఒకేలా చూసి ఉండడు, తెలియనివాడి దగ్గర వట్టం ఎక్కువే లాగి ఉంటాడు. కానీ ఫోన్‌తో పాటు పోయినవి రెండున్నాయి. స్థిరమైన ధర పట్టిక ఒకటి. కారణం అడిగే వీలు రెండోది. సీటు లేదంటే ఎందుకు లేదు, రేపుంటుందా, ఇంకో దారి ఉందా అని ఏజెంట్‌ను అడగవచ్చు. తెర మీద ఒక అంకె కనిపిస్తుంది, ఇష్టమైతే నొక్కాలి, లేకపోతే లేదు. ఒక తల్లికి ఆపరేషన్ అనో, ఒక ఇంట్లో చావు అనో చెప్పుకుంటే వినే చెవి అక్కడ లేదు. సౌకర్యం పెరిగినంత మాత్రాన జవాబుదారీతనం పెరిగినట్టు కాదు.

చివరిది, నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన ఆక్షేపణ. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల పేరు చెబితే ముందు గుర్తొచ్చేది విమానం కాదు, వలస. పాలమూరు కూలీలు దేశమంతా తిరిగి ఆనకట్టలు కట్టారు, కాలువలు తవ్వారు, ముంబైలో, బెంగళూరులో భవనాలు లేపారు. గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీర్చడానికి లారీల్లో, కిక్కిరిసిన రైలు పెట్టెల్లో వాళ్ళు తిరిగిన దూరానికి ఎవరూ మైళ్ళు లెక్కగట్టలేదు. అలాంటి నేల మీద నిలబడి విమానం పాయింట్ల గురించి బాధపడడమేమిటని అడిగితే ఆ ప్రశ్నకు గౌరవం ఇవ్వాలి. నేను చెప్పేదొక్కటే. ఈ నాణెం భారం పడేది వాడుకునేవాడి మీద మాత్రమే కాదు. కార్డు రుసుము సరుకు ధరలో కలిసినప్పుడు, రొక్కం ఇచ్చి కొనే కూలీ కూడా కార్డు గీకే ఉద్యోగి పాయింట్లకు కొంత చందా కట్టినట్టే. అమెరికాలో ఈ భారం పెద్దది. మన దగ్గర 2020 జనవరి నుంచి మామూలు యూపీఐ చెల్లింపుల మీద వ్యాపారి రుసుము లేకపోవడం వల్ల కొంత మేలు. కానీ క్రెడిట్ కార్డులు, వాటి పాయింట్లు ఇక్కడా పెరుగుతున్నాయి. పైవాడి కానుకకు కిందివాడు డబ్బు కట్టే ఏర్పాటు ఏదైనా పాలమూరు పట్టించుకోవలసిందే.

నియమాలు పెడితే పథకాలే మూతపడతాయని భయపెట్టేవారు ఐరోపాను చూడాలి. అక్కడ 2015 చట్టంతో క్రెడిట్ కార్డు మీద బ్యాంకుల మధ్య రుసుమును 0.3 శాతానికి కట్టడి చేశారు. కార్డుల మీద పాయింట్లు తగ్గాయి, పథకాలు మాత్రం పోలేదు. 1993లో మొదలైన లుఫ్తాన్సా మైల్స్ అండ్ మోర్ ఇవాళా నడుస్తోంది. మన గడ్డ మీద ఇంతకన్నా పెద్ద ఉదాహరణ ఉంది. 1853లో నిజాం దివాన్ అయిన మొదటి సాలార్‌జంగ్ చిల్లర టంకశాలల గందరగోళాన్ని సరిదిద్ది హాలీ సిక్కాను రాజ్యానికంతటికీ నాణెం చేయడానికి పూనుకున్నాడు. సంస్థానాల నాణేలు క్రమంగా వెనక్కి తగ్గాయి. గద్వాల సంస్థానం ఆ తర్వాత కూడా పండితులను పోషించి విద్వద్గద్వాల అన్న పేరు నిలుపుకుంది. నాణెం హక్కు పోయినంత మాత్రాన సంస్థానం పోలేదు. ఆ హాలీ సిక్కాకూ కాలం తీరింది. 1950 నుంచి భారత రూపాయితో పాటు చెల్లి, 1959 నాటికి అది చెలామణి నుంచి తప్పుకుంది. అప్పుడు కూడా చేతిలో హైదరాబాదు రూపాయి ఉన్నవాడిని ప్రభుత్వం గాలికి వదిలేయలేదు. ఏడు హైదరాబాదు రూపాయలకు ఆరు భారత రూపాయలు అని అందరికీ తెలిసిన రేటు ఉండేది. ఒక రాజ్యమే అంతమైనా దాని నాణేనికి లెక్క చెప్పారు. ఒక విమాన సంస్థ మూతపడితే, లేదా దానికి లాభం తగ్గితే, దాని నాణేనికి లెక్క చెప్పమనడం అత్యాశ కాదు.

2020 జులై నుంచి అమల్లోకి వచ్చిన మన వినియోగదారుల రక్షణ చట్టంలో అన్యాయమైన ఒప్పందం అన్న నిర్వచనం ఉంది. వినియోగదారుడి హక్కుల్లో గణనీయమైన మార్పు తెచ్చే ఏకపక్ష షరతులను ప్రశ్నించే దారి అందులో దొరుకుతుంది. పాయింట్ల పథకాలను ఆ వెలుగులో చూడాలి. ధర పెంచే ముందు ముందస్తు గడువు ఇవ్వాలి. పాత పాయింట్లకు పాత ధరే కొంతకాలం చెల్లాలి. సంస్థ దివాలా తీస్తే సభ్యుడిని కూడా అప్పులవాళ్ళ వరుసలో నిలబెట్టాలి. రాష్ట్రంలోని వినియోగదారుల సంఘాలు ఈ మూడు కోరికలతో కేంద్ర ప్రభుత్వం ముందుకు వెళ్ళాలి. అది జరిగేదాకా గద్వాలలో, వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో అమ్మానాన్నలున్న పిల్లలకు నేను చెప్పగలిగింది ఇంతే. మైళ్ళను దాచుకోకండి. రేపటికి వాటి విలువ పెంచుతానని ఏ టంకశాలా మీకు మాటివ్వలేదు. ఈ ఏడాదే టికెట్ కొట్టించి వాళ్ళను రప్పించుకోండి.